తెర మారని క్షణాలు

సహస్ర చావును కోరి తెచ్చుకుందని గ్రేటర్ నోయిడాలో ఆమెను ఎరిగినవారందరూ నమ్మారు. నమ్మడానికి వారి దగ్గర కారణమూ ఉంది. ఉబ్బసం ముదిరి ఊపిరి అందని ఆ మధ్యాహ్నం, ఆ అమ్మాయి తన ఫోన్‌లోని సాథీబెల్ యాప్ ద్వారా అంబులెన్స్‌ను పిలిచింది, మరుక్షణమే వద్దంది. మళ్లీ పిలిచింది, మళ్లీ వద్దంది. మూడోసారీ అంతే. కంపెనీ కంప్యూటర్లలో ఆ ఆరు ఆదేశాలూ వరుసగా నమోదై ఉన్నాయి. పోలీసులు వాటిని చూశారు, విలేకరులు చూశారు. బతుకుకూ చావుకూ మధ్య మూడుసార్లు ఊగిసలాడి చివరకు చావు వైపే మొగ్గిందన్న మాట, వీధి మొదట ఉన్న మందుల దుకాణం నుంచి ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్ దాకా పాకిపోయింది. ప్రేమ వ్యవహారమని కొందరు, పరీక్ష తప్పిందని కొందరు దానికి రంగులద్దారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన తల్లి రాజేశ్వరమ్మను ఓదార్చడానికి వచ్చినవాళ్లు కూడా, లేచి వెళ్లే ముందు, "అంత కష్టం ఏమొచ్చిందమ్మా పిల్లకు?" అని అడిగి మరీ వెళ్లారు.

అందరూ నమ్ముతున్నారు గనుక ఒక మాటను నమ్మడం భీమశంకరానికి అలవాటు లేదు. అదే కారణంతో దాన్ని కొట్టిపారెయ్యడం కూడా ఆయనకు అలవాటు లేదు. నేరపరిశోధన ప్రయోగశాలలో భౌతికశాస్త్ర విభాగాన్ని నడిపి, పదవీ విరమణ చేసి ఘాజియాబాద్‌లో స్థిరపడిన మనిషి ఆయన. తెలుగు సంఘంవాళ్లు ఎవరో చిరునామా ఇస్తే రాజేశ్వరమ్మ ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఒకే ఒక్క మాట అడిగింది.

"నా బిడ్డ నన్ను వద్దనుకొనే పోయిందా సార్? అది ఒకటి తెలిస్తే చాలు. ఏదైనా సరే, నిజం చెప్పండి."

ఆ జవాబుకు గడువు తక్కువగా ఉంది. కంపెనీ తరఫున విచారించిన పృథ్వీరాజ్ ఆ సాయంత్రమే తన నివేదికను పోలీసులకు అందజేయబోతున్నాడు. అది చేరితే ఫైలు మూతపడుతుంది.

అందుకని భీమశంకరం ముందుగా సహస్ర అద్దెకున్న గదికి వెళ్లాడు.

రెండో అంతస్తులోని ఆ గది తాళం తీసింది ఇంటి యజమానురాలు చౌహాన్ ఆంటీ. మంచం, చదువుకునే బల్ల, గోడకు ఆనించిన ప్లాస్టిక్ స్టూలు, ఖాళీ అయిన ఇన్‌హేలర్ డబ్బాలు రెండు. వాటన్నింటినీ ఒక చూపు చూసి ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. తలుపు పైభాగాన ఇనుప గడియ ఉంది. ఆయన దాన్ని వేసి తీశాడు. అది బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులూ పెట్టి లాగితేగాని రాలేదు.

"ఆ రోజు మీరు వచ్చేసరికి ఈ గడియ వేసి ఉందా?" అని హిందీలో అడిగాడు.

"లేదు భాయీసాహబ్. చెయ్యి వేయగానే తలుపు తెరుచుకుంది. లోపలికి అడుగు పెడితే ఆ స్టూలు కాలికి తగిలి పడబోయాను. తలుపుకు అడ్డంగా ఉంది. పిల్ల మంచం దగ్గర పడి ఉంది."

"మామూలుగా అమ్మాయి గడియ వేసుకునేదా?"

"ఎప్పుడూ వేసుకునేది. ఇల్లంతా అదిరేలా వేసేది. 'మెల్లగా వెయ్యి బేటీ, నా తలుపులు ఊడిపోతాయి' అని నేనే కసురుకునేదాన్ని." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇప్పుడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడండి."

భీమశంకరం రాజేశ్వరమ్మను దగ్గరకు పిలిచాడు. "అమ్మాయి మీకంటే పొడవా?"

"లేదు సార్. నా అంతే. ఒక వేలు తక్కువే."

"ఒకసారి ఆ గడియను అందుకోండి."

ఆమె మునివేళ్ల మీద నిలబడింది. వేలికొసలు గడియను తాకాయి గాని, దాన్ని లాగే పట్టు దొరకలేదు. ఆమె ఇటు తిరిగి స్టూలు వైపు చూసింది. ఆయన కూడా చూశాడు. ఇద్దరికీ ఒకే దృశ్యం కనబడింది: ఊపిరి అందని పిల్ల స్టూలును గది ఆ చివర నుంచి ఈడ్చుకొచ్చి, దాని మీదికి ఎక్కి, బిగుసుకున్న గడియను రెండు చేతులా లాగి, దిగి, మళ్లీ మంచం దగ్గరకు వెళ్లింది.

"ఎవరి కోసమో తీసింది సార్," అంది రాజేశ్వరమ్మ.

"కావచ్చు. గాలి ఆడటం కోసమూ తీసి ఉండవచ్చు. ఇది రుజువు కాదమ్మా, ప్రశ్న మాత్రమే." ఆ మాట అనవలసి వచ్చినందుకు ఆయనకే బాధ కలిగింది. "ఫోన్ మీ దగ్గరే ఉందా?"

ఆమె చేతిసంచిలోంచి చేతిరుమాలులో చుట్టిన ఫోన్ తీసింది. చవకరకం, పాతది.

"పోలీసులు ఇచ్చినాక దీన్ని ఆన్ చేశారా?"

"లేదు సార్. ఆ రోజే చార్జింగ్ అయిపోయిందంట. సిమ్ వాళ్లే పెట్టుకున్నారు. ఆన్ చేస్తే పాప ఫోటో వస్తాది. చూడలేను."

"మంచిపని చేశారు," అన్నాడు భీమశంకరం. ఎందుకు మంచిదో అప్పటికి ఆయనకూ సరిగా తెలియదు. తాకని వస్తువు తాకిన వస్తువు కంటే ఎక్కువ చెబుతుందన్నది ఆయనకు ప్రయోగశాల నేర్పిన పాఠం, అంతే. "ఈ యాప్ వాడటం మీకు తెలుసా?"

"దసరాకు వచ్చి పాపతో పదిహేను దినాలు ఉన్నా కదా సార్, అప్పుడు నేర్పిచ్చింది. నాకు ఇంగ్లీషు రాదని తెలుగులోకి మార్చింది. 'మా, నాకు ఊపిరి ఆడకపోతే నువ్వు భయపడాకు, ఈ పచ్చ బటన్ నొక్కల్ల, మాట్లాడే పనే లేదు, వాళ్లే వస్తారు' అని చెప్పింది."

మాట్లాడే పనే లేదు. చుట్టాలకో స్నేహితులకో ఫోన్ చేయక యాప్‌నే ఎందుకు పట్టుకుందని ఒక విలేకరి వేసిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మాట్లాడటానికి ఆమెకు ఊపిరి లేదు.

*

నోయిడాలో సాథీబెల్ కంపెనీ తొమ్మిదో అంతస్తులో ఉంది. సమావేశపు గదిలో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకడు రఘువీర్, కాకినాడ కుర్రవాడు, యాప్ తెర మీద కనిపించే ప్రతి గీతనూ గీసే విభాగానికి పెద్ద. రెండోవాడు పృథ్వీరాజ్. వరంగల్ నుంచి వచ్చి ఢిల్లీలో తల నెరిసినవాడు. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు కంపెనీలు పిలిస్తే వచ్చి విచారణ జరిపే మనిషి.

"రండి పెద్దసార్, రండి," అన్నాడు పృథ్వీరాజ్. "భూతద్దం తెచ్చిన్రా, మర్చిపోయిన్రా?"

"మీ నివేదిక చదవడానికి భూతద్దం అక్కర్లేదు. అందులో అంతా పెద్ద అక్షరాలే."

"అచ్ఛా." పృథ్వీరాజ్ నవ్వాడు గాని, రాజేశ్వరమ్మను చూసి ఆ నవ్వు ఆపుకున్నాడు. "కూసోండమ్మా. చాయ్ తాగుతరా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. భీమశంకరం రఘువీర్ ఎదుట కూర్చున్నాడు. ఆ కుర్రవాడు చాలా రోజులుగా నిద్రలేనివాడిలా ఉన్నాడు.

"మీరు తెరను గీయడంలో ఏదో కొత్త పద్ధతి ప్రయోగిస్తున్నారని మీ కంపెనీ వెబ్‌సైట్‌లోనే చదివాను. అది నాకు అర్థమయ్యేలా చెప్పండి."

రఘువీర్ ఒకసారి పృథ్వీరాజ్ వైపు చూశాడు. "మామూలు పద్ధతిలో అయితేనండి, బటన్ నొక్కగానే కొత్త తెర గీయడం పూర్తయ్యేదాకా యాప్ ఇంకో నొక్కు తీసుకోదు. పాత ఫోన్లలో అది బిగుసుకుపోయినట్టు ఉంటుందండి. జనం విసుక్కుంటున్నారు. అందుకని రెండు పనులూ విడదీశాం. తెర మీద ఏముండాలో నిర్ణయించేది ఒకటి, దాన్ని బొమ్మగా గీసేది ఇంకొకటి. నిర్ణయం తక్షణం అయిపోతుంది. బొమ్మ వెనకాల వస్తుందండి."

"బొమ్మ గీస్తుండగానే ఇంకో నిర్ణయం వస్తే?"

"సగం గీసిన బొమ్మను పారేసి కొత్తది మొదలుపెడుతుందండి. పాతబడిపోయిన బొమ్మను పూర్తి చేయడం వృథా కదండీ."

"అప్పటిదాకా తెర మీద ఏముంటుంది?"

"అంతకు ముందరి బొమ్మే ఉంటుందండి."

"అంటే ఆ వ్యవధిలో కన్ను పాత బొమ్మను చూస్తుంది. మరి వేలు?"

రఘువీర్ తన వేలి వైపు చూసుకున్నాడు. "వేలు నొక్కింది కొత్త నిర్ణయం లెక్కలోకి వెళ్తుందండి."

"బటన్ల సంగతి చెప్పండి. 'పిలవండి' అన్న బటన్ ఉన్నచోట, పిలిచాక ఏ బటన్ వస్తుంది?"

"'రద్దు చేయండి' అనేదండి. అదే చోట." అతని గొంతు తగ్గిపోయింది. "పొరపాటున పిలిచినవాళ్లు వెంటనే ఆపుకోవడానికి వీలుగా ఉంటుందని మరో ప్రశ్న కూడా అడగమండి."

పృథ్వీరాజ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇదంతా నేను చూసిన పెద్దసార్. మీరొక్కరే తెలివిగల్లోళ్లు గాదు. ఆ గ్యాప్ కన్ను గొట్టి తెరిచేంత గూడ లేదు. మూడు ఫోన్లల్ల టెస్ట్ జేసిన. నొక్కుతె వచ్చింది, నొక్కుతె పోయింది. నేనేమన్న ఆ పిల్ల మీద పగబట్టిన్నా? నాకూ బిడ్డ ఉన్నది."

"ఎలాంటి ఫోన్లు?"

"ఆఫీసుల ఉన్నయి. మంచియి."

"ఏ భాషలో చేశారు?"

"భాష ఏంది? ఇంగ్లీష్ల. హిందీల గూడ జేసిన."

భీమశంకరం రాజేశ్వరమ్మ వైపు చెయ్యి చాపాడు. ఆమె చేతిరుమాలు విప్పింది. ఫోన్‌ను చార్జింగ్ తీగకు తగిలించి ఆన్ చేశారు. తెర మీద సహస్ర వచ్చింది; మెట్రో పెట్టెలో నిలబడి, ఎవరో నవ్వించబోతే నవ్వు ఆపుకుంటున్న ముఖం. మగవాళ్లు ముగ్గురూ చూపు తిప్పుకున్నారు. చూడలేనన్న తల్లి మాత్రమే కళ్లు తిప్పకుండా చూసింది.

మొదటగా కదిలినవాడు పృథ్వీరాజ్. "ఠీక్ హై. ముందుగాల దీన్ని వైఫైకి గలపుదాం. పాత వెర్షన్ మీద టెస్ట్ జేస్తె రేపు ఎవడూ ఒప్పుకోడు." అతను ఫోన్ అందుకోబోయాడు.

భీమశంకరం దాని మీద అరచెయ్యి ఆనించాడు. "ఇది ఏ స్థితిలో ఆగిపోయిందో ఆ స్థితిలోనే ఉండాలి."

"పెద్దసార్, మీది ల్యాబు, నాది కోర్టు. పద్ధతి ప్రకారం నడవాలె. చెయ్యి తియ్యిండి."

"తీయను."

"నేను సెక్యూరిటీని పిలిస్తె బాగుండదు మల్ల."

"పిలవండి. ఈ తల్లి ఎదుట, ఈమె ఫోన్‌ను ఈమె చేతుల్లోంచి లాక్కోవడానికి పిలిచామని వాళ్లకు చెప్పండి."

పృథ్వీరాజ్ లేచి నిలబడ్డాడు. అతని చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. ఆ ఇద్దరి చేతుల మధ్య ఉన్న ఫోన్ వైపు చూస్తూ రఘువీర్, ఎవరూ అడగకుండానే అన్నాడు:

"వైఫైకి కలపొద్దండి."

"నువ్వేందయ్యా?"

"కలిపితే కొత్త పద్ధతి ఆగిపోతుందండి. యాప్ మా సర్వర్‌ని అడుగుతుంది, సర్వర్ వద్దంటుంది. ఆ అమ్మాయి పోయిన మర్నాడే ప్రయోగం మొత్తం ఆపేశాం. వందలో ఒక ఫోన్‌కి పెట్టామండి, వాళ్లకి చెప్పకుండానే. అన్నింట్లోనూ తీసేశాం. బహుశా ఇదొక్కటే మిగిలింది."

పృథ్వీరాజ్ అతని వైపు తిరిగాడు. "నాకు జెప్పలే."

"పైవాళ్లు చెప్పొద్దన్నారండి."

"అంటే నేను టెస్ట్ జేసిన ఫోన్లల్ల ఆ కొత్త పద్ధతే లేదా?"

రఘువీర్ తల వంచుకున్నాడు. పృథ్వీరాజ్ నెమ్మదిగా కూర్చున్నాడు. పోలీసు ఉద్యోగంలో అబద్ధాలు విని విని అలవాటైన మనిషే. తన చేత అబద్ధం రాయించబోయారన్నది మాత్రం అతనికి కొత్త. అయినా పట్టు వదల్లేదు. "సరే. అయితే జూద్దాం. లేటు అయితది. అయితే ఎంత? అది తేలాలె."

ఫోన్‌ను తీగతో రఘువీర్ లాప్‌టాప్‌కు కలిపారు. వేలు తగిలిన ప్రతిసారీ యాప్ దాన్ని ఏమని అర్థం చేసుకుందో లాప్‌టాప్ తెర మీద ఒక వరుసగా పడుతుంది. సిమ్ లేదు, వైఫై లేదు గనుక పిలుపు ఎక్కడికీ వెళ్లదు. గీసే పద్ధతి మాత్రం అదే. భీమశంకరం యాప్ తెరిచాడు. పచ్చటి బటన్ మీద 'పిలవండి' అని తెలుగులో ఉంది. ఆయన దాన్ని ఒకసారి నొక్కి, వేలు తీసి, వేచి ఉన్నాడు.

ఏమీ జరగలేదు. ఒక దీర్ఘశ్వాస తీసి వదిలేంత సేపు పచ్చ బటన్ అలాగే ఉంది. ఆ తర్వాత తెర మారింది: 'అంబులెన్స్ బయలుదేరుతోంది'. దాని కింద, అదే చోట, ఎర్రటి బటన్.

"ఇంతసేపా," అన్నాడు పృథ్వీరాజ్ తనలో తాను.

"తెలుగు అక్షరాల ఫాంటు పెద్దదండి," అన్నాడు రఘువీర్. "ఒత్తులూ గుణింతాలూ ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పాత ఫోన్ కదా, దానికి బరువు. హిందీకి ముందే పేర్చి ఉంచాం. తెలుగుకి చేయలేదండి. ఇక్కడ తెలుగులో వాడేవాళ్లు ఎంతమంది ఉంటారులే అని..."

"మీరు తెలుగువారే కదా?"

"నా ఫోన్ ఇంగ్లీషులో ఉంటుందండి."

పృథ్వీరాజ్ అడ్డొచ్చాడు. "కానీ సార్, లేటుగనైనా వచ్చింది గద. ఆగితె వచ్చింది. ఆ పిల్ల గూడ ఆగితె వచ్చేది. 'రద్దు' అని కనబడినంక నొక్కిందంటే..."

ఆ వాదనలో లోపం లేదు. భీమశంకరం కాదనలేకపోయాడు. తాను చేసిన పరీక్ష తనకు వ్యతిరేకంగానే తేలింది. ఒక్కసారి నొక్కి ఆగితే యాప్ పని చేస్తోంది. దేన్నో మరిచిపోయానని ఆయనకు అనిపించింది, దేన్నో తెలియలేదు.

"ఊరికే ఆగినారు మీరు," అంది రాజేశ్వరమ్మ. అంతవరకూ ఆమె గోడవారగా కూర్చునే ఉంది. "ఎట్ల ఆగినారు సార్? ఊపిరి ఆడేవాళ్లు కాబట్టి ఆగినారు. ఇట్లియ్యండి."

ఆమె వచ్చి ఫోన్ ముందు నిలబడింది. యాప్ మొదటి తెరకు వచ్చింది. పచ్చ బటన్.

"మా పాప నాకు నేర్పిచ్చింది. 'మా, అది పలక్కపోతే ఊరకుండాకు. మళ్లా నొక్కు. పలికేదాకా నొక్కు' అని."

ఆమె నొక్కింది. పచ్చ బటన్ కదల్లేదు. మళ్లీ నొక్కింది. కదల్లేదు. మళ్లీ, మళ్లీ, ఆగకుండా. పెదవులు కదులుతున్నాయి, ఎవరినో పిలుస్తున్నట్టుగా. ముగ్గురు మగవాళ్లూ ఫోన్ తెర వైపు చూస్తున్నారు. 'పిలవండి' అన్న మాట ఆమె వేలి కింద చెక్కుచెదరకుండా అలాగే ఉంది. కొంతసేపటికి ఆమె చెయ్యి జారవిడిచి కుర్చీ పట్టుకుంది. అప్పటికీ తెర మారలేదు. ఎంతసేపు చూసినా మారలేదు.

భీమశంకరం లాప్‌టాప్‌ను తన వైపుకు తిప్పుకున్నాడు.

పిలుపు. రద్దు. పిలుపు. రద్దు. పిలుపు. రద్దు. పిలుపు. రద్దు.

"ఆమె నొక్కిన ప్రతిసారీ సగం గీసిన బొమ్మ చెత్తబుట్టలోకి పోయింది," అన్నాడు మెల్లగా. "ఎంత తొందరగా నొక్కితే బొమ్మకు అంత తక్కువ వ్యవధి. సాయం కావాలని ఎంత గట్టిగా అడిగితే అది అంత మొండిగా ఉండిపోతుంది. చివరి నొక్కు 'రద్దు' లెక్కలోకి పోయింది గనుక, తెర మీద ఉండవలసింది మళ్లీ 'పిలవండి' అన్న బొమ్మే; ఇక గీయవలసిన కొత్త బొమ్మే లేదు."

రఘువీర్ రెండు చేతులతోనూ ముఖం కప్పుకున్నాడు. "ఇంకొక్కసారి నొక్కి ఉంటే బండి వెళ్లేదండి. ఆ ఇంటికి దగ్గరలోనే ఉంది ఆవేళ. నేను చూశాను."

ఆ మాట అనకుండా ఉండవలసిందని భీమశంకరం అనుకున్నాడు. కాని ఆ తల్లి నిజం చెప్పమని అడిగింది. ఇదీ అందులో భాగమే.

రాజేశ్వరమ్మ ఏడవలేదు. ఆమె ఆలోచిస్తోంది, అది చూడటం ఏడుపు చూడటం కంటే కష్టంగా ఉంది. "తెలుగు నాకోసమే పెట్టింది సార్," అంది చివరకు. "ఇంగ్లీషులో ఉండింటే తొందరగా వచ్చి ఉండేదా?"

భీమశంకరానికి జవాబు తెలుసు. దాన్ని మార్చి చెప్పడం ఆయనకు చేతకాదు, చెప్పకుండా ఉండటమూ చేతకాలేదు. "వచ్చేదమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది.

"మీ వల్ల కాదండి," అన్నాడు రఘువీర్. ముఖం మీంచి చేతులు తీశాడు. "ఆ అమ్మాయి చేసింది సరైన పనే. మా యాప్‌లో తెలుగు ఉందని మేమే చెప్పాం. ఉందని చెప్పి, ఒక్కసారి కూడా తెలుగులో నొక్కి చూడలేదండి. నేను చూడలేదు. ఈ మాట పోలీసుల దగ్గర కూడా చెబుతాను. ఉద్యోగం పోతే పోతుంది."

తర్వాత పృథ్వీరాజ్ తన లాప్‌టాప్ తెరిచి, సాయంత్రానికి సిద్ధం చేసుకున్న నివేదికలోని చివరి పేరాను చెరిపేశాడు. ఖాళీ అయిన చోట వేళ్లు ఆనించి కూర్చున్నాడు. అతని కళ్లు బల్ల అవతలి తల్లి మీదే ఉన్నాయి.

"ఏం రాయాలె సార్?" అన్నాడు. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. "ఒక్క ముక్కల జెప్పుండ్రి. లాయర్లు తిప్పి చెప్పెటందుకు సందు ఉండొద్దు."

భీమశంకరం రాజేశ్వరమ్మకు కూడా వినబడేలా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"రాయండి. సహస్ర అంబులెన్స్‌ను ఒక్కసారి కూడా వద్దనలేదు. ఆరుసార్లు నొక్కింది, ఆరుసార్లూ ఆమెకు తెర మీద కనబడిన మాట 'పిలవండి'."